మన మగ్గపుటిండ్లు - విద్యుత్తు పోటులు
(మహాసభయందు చేయబడిన యుపన్యాసము)



కులాభ్యుదయమును గూర్చి పెద్దలు ముచ్చటించియున్నారు. నేను మన యింటిగోడనున్న మీటరుపెట్టెను గూర్చి నాలుగు మాటలు విన్నవించెదను. ఇది యల్పవిషయమని తలంపవలదు.

1804వ సంవత్సర ప్రాంతమున ఫ్రాన్సుదేశమున జకార్డు అనునాతడు రంధ్రములు గల యట్టలచే బుటాలు తీర్చు సాధనమును నిర్మించెను. దానికి విద్యుత్తుతో పనిలేదు. నేడు ధర్మవరమున అట్టలకు మారుగా ఎలక్ట్రానిక్ జకార్డులును ప్రవేశించినవి. హిందూపురమున పట్టుదారము తీయు మరలకును, పెనుకొండ చుట్టుపట్ల బోరుబావులకును మోటార్లే యాధారము. అప్పు చేసి తెచ్చిన జకార్డు బోర్డు ఒక్క క్షణమున కాలిపోవచ్చును; అప్పు మాత్రము కాలదు. పెండ్లిండ్ల దినములలో మగ్గము నిలిచినచో కూలియు నిలిచిపోవును.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. సముద్రమునకు పోటు వచ్చినట్లే దీనికిని పోటు వచ్చును. రేవున నిలిచి తీరమునుండి విద్యుత్తు గైకొను నావలకును ఈ బాధ కలదు. పోటులు రెండు తెఱగులు. పిడుగు తీగలమీదనో సమీపముననో పడినప్పుడు వేలకొలది వోల్టులు సెకనులో లక్షల వంతు కాలముననే వచ్చి పోవును. ఇది మొదటిది. న్యూట్రల్ తీగ తెగుటచే కలుగునది రెండవది. రెండు ఫేజుల నడుమ 400 వోల్టులుండును గదా! న్యూట్రల్ తెగినయెడల ఆ 400 వోల్టులను ఇరుగుపొరుగు ఇండ్లు పంచుకొనును. ఒక యింట దీపము మసకబారి 100 వోల్టులుండగా, పక్కయింట 300 వోల్టులుండవచ్చును. కావున కొన్ని దీపములు మితిమీరి వెలిగి, కొన్ని మినుకుమినుకుమనినచో తత్‌క్షణమే మెయిన్ స్విచ్చి తీయవలెను.

స్టెబిలైజరున్నచో భయము లేదని కొందఱనుకొందురు. అది మెల్లగా హెచ్చు తగ్గుల నొందు వోల్టేజిని సరిచేయునుగాని, పిడుగుపోటును తప్పక ఆపజాలదు. దానికి సర్జి రక్షకము వలయును. ఇది మామూలు వోల్టేజికి ఊరకుండి, పోటు వచ్చినప్పుడు దారి తెఱచి దానిని భూమిలోనికి పంపును. పెక్కు పోటుల ననుభవించినపిమ్మట ఇదియు క్షీణించును. దాని సూచిక రంగు మారినచో మార్చివేయవలెను. న్యూట్రల్ తెగుటవంటి నిలకడ పోటునకు, హద్దు మీఱగానే ప్రవాహమును తెంచు కటాఫ్ సాధనము వేఱుగా నుండవలెను. మూడు ఫేజుల మోటార్లకు ఒక ఫేజు పోయినచో నాపు రిలే యవసరము.

ఇన్నియు నున్నను ఎర్తు సరిగా లేనిచో సర్జి రక్షకము నిష్ప్రయోజనము. మన సీమ నేల రాతినేల; వేసవిని తేమ యుండదు. ఎండిన నేల విద్యుత్తును సులభముగా గ్రహింపదు. బొగ్గు, ఉప్పు వేసి కట్టిన ఎర్తు గుంటలో వేసవి దినముల నీరు పోయుచుండుట మఱవరాదు. రక్షకమునుండి ఎర్తునకు పోవు తీగ పొట్టిగాను తిన్నగాను ఉండవలెను. ఫ్యూజు స్థానమున రాగితీగలు మెలివేసి కట్టుట ప్రాణాపాయము. ఈ పనులు లైసెన్సు గలవారిచేతనే చేయింపుడు.

ఖర్చులేని యుపాయమును కలదు. మబ్బు కమ్మగానే, ఉఱుములు దగ్గఱకు రాకమునుపే, బోర్డుల ప్లగ్గులు ఊడదీయుడు. స్విచ్చి ఆపుట చాలదు. పోయిన విద్యుత్తు తిరిగి వచ్చినప్పుడు కొంతసేపు తాళి, పిమ్మట మగ్గమును నడుపుడు.

పేదవాని కొక్కనికి భారమగునది వీథివారందఱకును భారము గాదు. పది మగ్గములవారు కలిసి రక్షకములను కొనవచ్చును. ఏటికొకమారు ఎర్తులను పరీక్ష చేయింపవచ్చును. పోషకులు దీనికి చేయూత నొసగినచో, అది కాలిన బోర్డునకు చేయు సాయముకన్న మిన్న. పడుగు తెగినచో అతుకవచ్చును; విద్యుత్తు తాకి పోయిన ప్రాణమును అతుకజాలము. ఈ మాట యింటింటికి చేర్పవలెనని ప్రార్థించుచు, నా యుపన్యాసమును విరమించుచున్నాను.