డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనలు: లెక్కకు అందినవి, అందనివి
(రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



ప్రతి గ్రంథాలయములోను పుస్తకములిచ్చు పద్దు ఒకటి యుండును. ఏ పుస్తకమును ఎందరు ఇంటికి గొనిపోయిరో దానివలన తెలియును. కాని నిఘంటువు ఇంటికి ఇయ్యబడదు. పఠనమందిరములో బల్లమీదనే యుండును. దినమున కెందరు తిరుగవేసినను పద్దులో దాని పేరు రాదు; పుటలు మాత్రము నలిగిపోవును. శాస్త్రజ్ఞుల కృషిని కొలుచుటలోను ఇట్టి చిక్కే కలదు.

శాస్త్రజ్ఞుడు వ్యాసము వ్రాయునపుడు, తనకు పూర్వము ఎవరి కృషి ఆధారమైనదో పేర్కొనవలెను. న్యాయవాది పూర్వపు తీర్పులను ఉదాహరించుట వంటిదే ఇది. అమెరికాలో న్యాయవాదులకు అట్టి తీర్పుల సూచిక యుండెను. దాని మాదిరిగా శాస్త్రవ్యాసములకును ఒక సూచిక కావలెనని యూజీన్ గార్‌ఫీల్డ్ అను నాతడు 1955లో ప్రతిపాదించి, 1964లో దానిని వెలువరించెను. ఏ వ్యాసమును ఎందరు పేర్కొనిరో అప్పటినుండి లెక్క తేలుచున్నది. నేడు ఉద్యోగములకును, బహుమానములకును గూడ ఈ లెక్కను చూచుచున్నారు.

ఈ లెక్కకు మిక్కిలిగా అందినవాడును, అందక మిగిలినవాడును ఒక్కడే యగుట యెట్లో సుబ్బారావుగారి జీవితము తెలుపును. వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. మదరాసులో వైద్యము చదివిరి. యౌవనములోనే ఇద్దరు సోదరులను స్ప్రూ అను గ్రహణివ్యాధి పొట్టన బెట్టుకొన్నది. ఆ దుఃఖము వారిని విడువలేదు. 1923లో అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసిరి.

రక్తమువంటి పదార్థములలో భాస్వరము ఎంతయున్నదో కొలుచు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవములో మాలిబ్డేటును, మరికొన్ని రసాయనములను కలిపిన నీలివర్ణము వచ్చును. భాస్వరము హెచ్చినకొలది నీలము చిక్కనగును. ఆ రంగును తెలిసిన కొలతగల ద్రవముతో పోల్చిన లెక్క తేలును. ఇంత సులభమైన పద్ధతి గనుక, వైద్యులు, జీవరసాయనజ్ఞులు మొదలుకొని అనేక శాఖలవారు దానిని చేపట్టిరి. ప్రయోగము చేసిన ప్రతివాడును తాను అనుసరించిన పద్ధతిని పేర్కొనవలెను గదా! అందుచే ఆ వ్యాసము వేలకొలది పర్యాయములు పేర్కొనబడి, అత్యధికముగా ఉదాహరింపబడిన వ్యాసముల పట్టికల కెక్కినది.

ఆ పద్ధతితోనే వారు కండరములను శోధించి, 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను వెలువరించిరి. 1929లో ఏ.టి.పి. అను పదార్థమునుగూర్చి ప్రకటించిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఆ యేడే దానిని కనుగొనెను. ప్రాణికోటి కదలికకు ఆధారమైన శక్తి ఈ పదార్థము ద్వారానే వినియోగమగును. నేడు పాఠశాల విద్యార్థియు దాని పేరెరుగును. పాఠ్యగ్రంథముల కెక్కిన విషయమునకు మూలవ్యాసమును పేర్కొనువారు అరుదు. విద్య అందరి సొత్తైన కొలది కర్త పేరు మరుగున పడును.

1940లో వారు లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పిమ్మట పరిశోధనలకు నాయకులైరి. వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది ఔషధమైనది. నేడు గర్భిణీ స్త్రీల కిచ్చు మాత్రలలోను ఉన్నది. దానికి ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్‌ను గూడ వారి బృందమే సిద్ధపరచినది. ల్యూకేమియా అను రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని వాడి, వ్యాధి కొంతకాలము తగ్గినట్లు 1948లో వెల్లడించెను. ఆ ప్రసిద్ధ వ్యాసమునకు కర్తలు ఐదుగురు. సుబ్బారావుగారి పేరు వారిలో లేదు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరుకు, కీళ్లవాతమునకు వాడుకలో ఉన్నది. ఆరియోమైసిన్ వారి ఆధ్వర్యవమున వెలువడినను, డగ్గర్ పేరుతో ప్రసిద్ధమైనది.

బోదకాలి వ్యాధిపై పనిచేయు హెట్రజాన్‌ను 1947లో ప్రకటించినదియు వారి బృందమే. వారు పుట్టిన గోదావరి ప్రాంతమును తరతరములుగా బాధించిన వ్యాధి అది. 2004 నుండి భారతదేశములో ఆ వ్యాధి యున్న జిల్లాల ప్రజలకు ఏటేట మ్రింగించుచు వచ్చిన మాత్ర అదియే. మ్రింగినవారిలో ఎందరు ఆ పేరు విని యుందురు? వారెవ్వరును వ్యాసములు వ్రాయరు. కోట్లాది జనుల ఉపకారము ఆ సూచికలో ఒక్క అంకెగానైనను చేరదు.

1948 ఆగస్టులో, 53వ యేట, వారు నిద్రలోనే కన్నుమూసిరి. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బరోమైసెస్ అని వారి పేరు పెట్టబడినది.

లెక్కను నిందింపవలసిన పనిలేదు. ఎవరి భుజములపై ఎవరు నిలిచిరో అది తెలుపును. అయితే తక్కువ అంకె తక్కువ ఫలమునకు గుర్తు కాదు. ఈ గ్రంథాలయపు పద్దుపుస్తకములు ఇకమీదటను నిండుచుండుగాక! బల్లమీది నిఘంటువు పుటలును నలుగుచుండుగాక!