ఎఱ్ఱమట్టిపై తేలిన లెక్క

(మన సంఘ యువజన విభాగమువారి వార్షిక క్రీడోత్సవ సభలో సంఘ కోశాధికారి చేసిన ప్రసంగ పాఠము)



క్రీడోత్సవ సభలో నాలుగు మాటలు చెప్పుమని యువజన విభాగమువారు నన్ను కోరిరి. నేను జవుళి వర్తకుడను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి కొట్టులో కూర్చుంటిని. ఆటలలో నాకు గల ప్రవేశము మిక్కిలి స్వల్పము. మా కొట్టు వెనుక గోడకు ఆవల ఊరి క్లబ్బువారి టెన్నిసు కోర్టు ఉండెడిది. కావలివాడు ప్రతి ఉదయమును దానిని మట్టియు పేడయు కలిపి అలికి, నీరు చల్లి, సున్నముతో గీతలు గీయుచుండెను. సాయంకాలమున గోడ దాటి మా పెరటిలో పడిన బంతులను ఏరి తిరిగి విసరుట నా పని. ఆ మట్టి వాసన నాకు నేటికిని జ్ఞాపకమున్నది.

అట్టి మట్టి కోర్టుపై జరిగిన ఒక పోటీ చరిత్రను నేడు మీకు విన్నవింపదలచితిని. అది మన దేశములోనిది కాదు. ఇంగ్లండు దక్షిణ తీరమున సముద్రపుటొడ్డున నున్న బోర్న్‌మత్ పట్టణములోనిది. నేడు ఆ పోటీ జరుగుట లేదు. ఎక్కడనో నిలిచిపోయిన పోటీని గూర్చి ఈ వర్తకునకేల యని మీరు అడుగవచ్చును. కారణము చివర చెప్పెదను. అంతవరకు ఓపిక పట్టవలెనని ప్రార్థన.

మొదట పేరును గూర్చి ఒక మాట. ఆ పోటీని 'బ్రిటిష్ హార్డ్ కోర్ట్ ఛాంపియన్‌షిప్స్' అనిరి. హార్డ్ కోర్టు అనగా నేడు సిమెంటువంటి నేల యని అర్థము చేసికొందుము. ఆ కాలమున ఇంగ్లండువారు పచ్చిక కాని కోర్టునంతటిని హార్డ్ కోర్టు అనుచుండిరి. కావున పేరు విని పొరబడవలదు. అది మట్టి కోర్టు పోటీయే. ఆ దేశపు చలికిని వానకును పచ్చిక వేసవి నెలలలోనే ఆటకు తగియుండును. ఏప్రిలు మాసముననే ఆడవలెనన్నచో, కాల్చిన మట్టిని పొడిచేసి పరచిన ఎఱ్ఱ కోర్టులు కావలసివచ్చెను. వాన నీరు వానిలో త్వరగా ఇంకును. మట్టిపై బంతి వేగము తగ్గి, ఎత్తుగా లేచును. పచ్చికపైవలె ఒక్క దెబ్బతో తేలుట అరుదు. ఓర్పు గలవానికే అచట గెలుపు.

ఈ పోటీ 1924లో టోర్కీ పట్టణమున ప్రారంభమై, 1927లో బోర్న్‌మత్‌లోని వెస్ట్ హాంట్స్ క్లబ్బునకు తరలివచ్చెను. ఫ్రెడ్ పెర్రీ 1932 నుండి 1936 వరకు వరుసగా ఐదేండ్లు ఇచట విజేత యయ్యెను. 1938, 1939 సంవత్సరములలో జావా ద్వీపమున పుట్టి చైనా పక్షమున ఆడిన ఖో సిన్ కీ గెలిచెను. ఆసియావాడొకడు ఇంగ్లండువారి మట్టిపై రెండేండ్లు నిలబడుట ఆ రోజులలో చిన్న సంగతి కాదు. పిమ్మట రెండవ ప్రపంచయుద్ధము వచ్చి ఆట ఆగెను; యుద్ధానంతరము మరల సాగెను.

ఇక అసలు సంగతి. పెర్రీ 1934, 1935, 1936లలో వింబుల్డన్ కూడ గెలిచినవాడు. 1936 చివర డబ్బు పుచ్చుకొని ఆడు వృత్తి క్రీడాకారుడయ్యెను. అంతటితో వింబుల్డన్ తలుపు మూసికొనెను. డేవిస్ కప్పు తలుపు మూసికొనెను. తాను ఐదుమార్లు గెలిచిన బోర్న్‌మత్ తలుపును మూసికొనెను. ఆనాటి నియమమది. పెద్ద పోటీలన్నియు అమెచ్యూరులకే, అనగా డబ్బు కొఱకు ఆడనివారికే. అమెరికాలో పాంచో గొంజాలెస్ 1948, 1949లలో ఆ దేశపు ఛాంపియనై, 1949లోనే వృత్తిలో ప్రవేశించెను. అప్పుడతనికి ఇరువది యొక్క సంవత్సరములు. తన యౌవనమంతయు పెద్ద పోటీలకు వెలియై గడపెను. ఆస్ట్రేలియా వాడగు కెన్ రోజ్‌వాల్ 1957 నుండియు, రాడ్ లేవర్ 1963 నుండియు అట్లే వెలుపల నుండిరి. 1962లో ఒకే సంవత్సరమున నాలుగు మహా పోటీలను గెలిచిన లేవరునకు మరుసటి యేడు ఆ నాలుగింటిలో ఒక్కదానను చోటు లేకపోయెను.

అమెచ్యూరులందరు డబ్బు ముట్టకయే ఆడిరా? కొందరు నిజముగనే అట్లు ఆడిరి. మన మద్రాసు రామనాథన్ కృష్ణన్ 1960, 1961లలో వింబుల్డన్ సెమీ ఫైనలు చేరినవాడు. వృత్తి క్రీడాకారుల జట్టును నడపిన జాక్ క్రామర్ పిలిచినను ఆయన పోక, దేశము పక్షమున డేవిస్ కప్పు ఆడుటకే నిలిచెను. 1966లో మన జట్టు ఆ కప్పు తుది పోరాటము వరకు చేరుట మీలో పెద్దలకు జ్ఞాపకముండును. అట్టివారికి శిరసు వంచి నమస్కరించవలెను.

కాని పేరుగల అమెచ్యూరులలో పలువురకు పోటీ నడపువారు చాటున సొమ్ము ముట్టజెప్పుచుండిరి. లెక్కలలో అది బహుమానము కాదు, జీతము కాదు, 'ఖర్చులు'. ప్రయాణము, బస, భోజనము అని వ్రాయుదురు. ఇచ్చువారికి తెలియును, పుచ్చుకొనువారికి తెలియును, చూచువారికి తెలియును. చిట్టాకు మాత్రము తెలియదు. అబద్ధమాడినను అతికినట్లుండవలెనని మనవారందురు. ఈ అబద్ధము అతికినది కూడ కాదు. బహిరంగముగా పుచ్చుకొన్న గొంజాలెస్ వెలి. చాటున పుచ్చుకొన్నవాడు పెద్దమనిషి. నలుబది యేండ్లు ఇట్లు సాగెను.

దీనిని సరిదిద్దుటకు పూనుకొన్నవారు ఆ ఆటకు పుట్టినింటివారే. వింబుల్డన్ క్లబ్బు అధ్యక్షుడు హెర్మన్ డేవిడ్ ఈ కపటమును బాహాటముగా నిరసించెను. 1967 ఆగస్టులో వింబుల్డన్ పచ్చికపైననే వృత్తి క్రీడాకారులకు ప్రత్యేక పోటీ జరిపించిరి. ఆ డిసెంబరులో బ్రిటిష్ టెన్నిసు సంఘము తమ దేశములో అమెచ్యూరు, వృత్తి యను భేదమును తొలగింప తీర్మానించెను. అంతర్జాతీయ సంఘమునుండి బహిష్కారము తప్పదను భయమున్నను వారు వెనుకంజ వేయలేదు. తుదకు 1968 మార్చి 30న పారిస్‌లో చేరిన అంతర్జాతీయ సంఘము ఆ యేడు పండ్రెండు పోటీలలో అందరును కలిసి ఆడవచ్చునని అంగీకరించెను.

ఆ పండ్రెండింటిలో మొదటిది బోర్న్‌మత్. ఈ గౌరవము దానికి గొప్పతనము చేత రాలేదు. ఏప్రిలులో జరుగు మట్టి పోటీ గనుక వరుసలో ముందు నిలిచెను. మట్టి గనుక వానకు ఓర్చును. ఓర్చును గనుక ఏప్రిలున జరుగును. ఏప్రిలున జరుగును గనుక తొలి తలుపు దానిచేత తెరువబడెను.

1968 ఏప్రిలు 22, సోమవారము. చలియు తుంపరయు గల దినము. బ్రిటిష్ అమెచ్యూరు జాన్ క్లిఫ్టన్, ఆస్ట్రేలియా వృత్తి క్రీడాకారుడు ఓవెన్ డేవిడ్సన్ కోర్టులో దిగిరి. మొదటి పాయింటు క్లిఫ్టన్‌దే. ఆట మాత్రము డేవిడ్సన్ నాలుగు సెట్లలో గెలిచెను.

వచ్చిన వృత్తి క్రీడాకారులలో లేవర్, రోజ్‌వాల్, గొంజాలెస్, రాయ్ ఎమర్సన్ ఉండిరి. వారు తప్పక ఊడ్చివేయుదురని అందరును తలచిరి. ఇరువది నాలుగేండ్ల మార్క్ కాక్స్ అను ఎడమచేతివాటపు అమెచ్యూరు గొంజాలెస్‌కు ఎదురుపడెను. గొంజాలెస్‌కు ముప్పది తొమ్మిదేండ్లు. మొదటి సెట్టులో కాక్స్‌కు ఒక్క గేమును దక్కలేదు. రెండవది గెలిచెను, మూడవది పోయెను, నాల్గవదియు ఐదవదియు 6–3, 6–3గా గెలిచి, వృత్తి క్రీడాకారుని ఓడించిన మొదటి అమెచ్యూరని చరిత్ర కెక్కెను. పిమ్మట ఎమర్సన్‌ను కూడ మూడే సెట్లలో గెలిచెను. సెమీ ఫైనలున లేవర్ అతనిని సులభముగనే ఆపెను. ఐనను ఒక సంగతి తేలిపోయెను. ఇరుప్రక్కలవారును ఒక్క కోర్టుపై నిలిచినగాని ఎవరి బలమెంతయో లోకమునకు తెలియదు. ఇన్నాళ్లు ఆ తూకమే జరుగలేదు.

ఫైనలున రోజ్‌వాల్ మొదటి సెట్టు పోగొట్టుకొనియు 3–6, 6–2, 6–0, 6–3తో లేవర్‌ను గెలిచి, 1,000 పౌన్ల బహుమానమును అందరు చూచుచుండగా పుచ్చుకొనెను. ఆయనకప్పుడు ముప్పది మూడేండ్లు. స్త్రీలలో వర్జీనియా వేడ్ గెలిచెను. ఆమెకు ఏర్పరచిన బహుమానము 300 పౌన్లు. ఆమె ఇంకను అమెచ్యూరుగనే యున్నందున ఆ సొమ్ము తీసికొనలేదు. ఇచట రెండు సంగతులు గమనింపుడు. తీసికొన్న రోజ్‌వాల్ దాచలేదు; తీసికొనని వేడ్ దాచి పుచ్చుకొనలేదు. ఇరువురిదియు శుద్ధమైన లెక్కయే. పురుషునకు వేయి, స్త్రీకి మూడువందలు అను వ్యత్యాసము మాత్రము మచ్చ. కాని అదియు బహిరంగముగా వ్రాయబడినందుననే, అన్యాయమని వేలెత్తి చూపుటకు వీలయ్యెను. 1970లో స్త్రీలు తొమ్మండుగురు విడిపోయి తమ పోటీలు తాము నడపుకొనుటకు ఇట్టి వ్యత్యాసములే కారణము. చాటు లెక్కలో అన్యాయము నెవరు పట్టగలరు?

ఆ మరుసటి నెలలో పారిస్, ఆ పిమ్మట వింబుల్డన్ తలుపులు తెరచినవి. డబ్బు ప్రవాహమువలె వచ్చెను. ఇక తలుపు తెరచిన బోర్న్‌మత్ గతి యేమయ్యెను? కొంతకాలము గౌరవముగనే సాగెను. 1970లో కాక్స్‌యే అచట విజేత యయ్యెను. 1973లో ఇటలీ వాడగు పనట్టా, 1974లో రుమేనియా వాడగు నస్టాసె, 1975లో స్పెయిన్ వాడగు ఒరాంటెస్ గెలిచిరి. మట్టిపై పుట్టి పెరిగినవారి ముందు పచ్చికపై పెరిగిన ఆ దేశీయులు నిలువలేకపోయిరి. పెద్ద నగరముల పెద్ద పోటీలు పెద్ద మొత్తము లిచ్చుచుండగా, సముద్రతీరపు చిన్న క్లబ్బు వానితో తూగలేకపోయెను. 1983లో స్పెయిన్ వాడగు హిగ్వెరాస్ గెలిచిన పిమ్మట పురుషుల అంతర్జాతీయ పోటీ నిలిచిపోయెను. 1996 నుండి 1999 వరకు నాలుగేండ్లు అదే క్లబ్బు మట్టిపై మరియొక పేర అంతర్జాతీయ పోటీ జరిగెను. 2000లో అదియు బ్రైటన్ పట్టణమునకు తరలిపోయెను. క్లబ్బు నేటికిని కలదు. పోటీ లేదు.

నిజము వ్రాసినందుననే ఆ పోటీ చచ్చినదని వాదించువారుందురు. డబ్బు బహిరంగమైనందున ధనవంతుల పోటీలు పెరిగెను గదా, చిన్నవి నలిగెను గదా యని. ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని నేను వర్తకుడను. మా వీధిలో కొట్లు మూతపడుట చూచితిని. అప్పులు తేల్చి, చిట్టా ఆవర్జాలు సరిచూచి మూసినవాని పేరు మూడుతరములు నిలిచినది. దొంగ పద్దులతో నడచినవాడు కొట్టు తెరచియుండగనే పరపతి పోగొట్టుకొనెను. బోర్న్‌మత్ కొట్టు మూసినది గాని, పద్దు తేల్చి మూసినది.

ఇప్పుడు నేను మొదట చెప్పెదనన్న కారణము. రెండేండ్ల క్రిందట మన సంఘ వాలీబాల్ పోటీలో మన జట్టు పక్షమున ఆడుటకు పొరుగూరి యువకు నొకని పిలిపించితిమి. అతనికి ఐదువేల రూపాయలిచ్చితిమి. ఆ ఊరికి రాకపోకల బస్సు ఛార్జీ రెండువందలు దాటదు. చిట్టాలో నేను నా చేతితో 'ప్రయాణపు ఖర్చు, రూ. 5,000' అని వ్రాసితిని. కప్పు మనకు వచ్చెను. లెక్కల సభలో ఎవరును ప్రశ్నింపలేదు. కాని ఆ యువకుని కొఱకు జట్టునుండి తప్పింపబడిన మన ఊరి కుఱ్ఱవాడొకడు ఒకనాడు కొట్టునకు వచ్చి, 'బాబాయిగారూ, ఆ ఊరికి బస్సు ఛార్జీ ఎంత?' అని అడిగెను. నేను గుడ్డ మడతపెట్టుచు సమాధానము చెప్పకయే యుంటిని. ఆ కుఱ్ఱవాడు ఈ యేడు పోటీలో పేరియ్యలేదు. ఈ సభకును రాలేదు.

వచ్చిన యువకుని తప్పు లేదు. అతడు ఆడెను, కూలి పుచ్చుకొనెను. పిలిపించిన పెద్దల తప్పు కూడ కొంతయే. తప్పు వ్రాసిన చేయి నాది. వచ్చు సర్వసభ్య సమావేశమున ఆ పద్దును 'ఆటగాని పారితోషికము' అని దిద్దుటకు అనుమతి కోరెదను. ఇకమీదట బయటివారికి సొమ్మిచ్చి పిలుతుమా, మన పిల్లలతోనే ఆడుదుమా యనునది సభవారు నిర్ణయింపవలెను. ఏది నిర్ణయించినను నోటీసు బోర్డుపై వ్రాయుదము. దీనివలన కొందరు దాతలు చందా మానుకొనవచ్చును, కప్పు చేయిజారవచ్చును. ఒకనాడు మన పోటీయే నిలిచిపోవచ్చును. నిలిచిపోయినను, మన పిల్లలు దాని చిట్టా తెరచినప్పుడు తలవంచుకొనకుండవలెను.

ఈ సభ ముగియగానే నేను ఆ కుఱ్ఱవాని యింటికి పోయి, బస్సు ఛార్జీ ఎంతయో చెప్పి వచ్చెదను.