చలికాలంలో చేతుల, గోళ్ల సంరక్షణ
(కోలారు బంగారు గనుల పట్టణంలోని తెలుగు కుటుంబాల ఆరోగ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పట్టణం చేతుల కష్టం మీద నిలిచినది. 1880లో జాన్ టేలర్ సంస్థ గనుల నిర్వహణ చేపట్టిన నాటి నుంచి, 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడే వరకు, చిత్తూరు సీమ నుంచీ తమిళ ప్రాంతం నుంచీ వచ్చినవారి చేతులే భూగర్భంలో రాతిని పగలగొట్టాయి. గనులు మూతపడ్డాక ఆ చేతులకు పని మారింది. మారికుప్పంలో, ఛాంపియన్‌లో, ఊరుగాంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పోయి, కట్టడాల్లోనూ ఇళ్లలోనూ దుస్తుల కర్మాగారాల్లోనూ పనిచేసి రాత్రికి తిరిగి వచ్చేవారు మనలో ఎందరో ఉన్నారు.

చర్మవైద్యునిగా నేను చూసిన ఒక సంగతితో ప్రారంభిస్తాను. ఒక పుష్యమాసంలో ఒక తల్లి నా వద్దకు వచ్చారు. వారు ఇళ్లలో అంట్లు తోమి జీవిస్తారు. వేళ్ల కొసలు నిలువునా పగిలి రక్తం చిమ్ముతున్నాయి. అయితే ఆమె నొప్పి కోసం రాలేదు. రేషన్ అంగడిలో ఎన్నిసార్లు పెట్టినా బొటనవేలి ముద్ర పడడం లేదని, ఆ నెల బియ్యం అందలేదని చెప్పుకోవడానికి వచ్చారు. చేతుల సంరక్షణ తీరిక గలవారి అలంకారమని తలచేవారు ఈ ఒక్క సంగతిని జ్ఞాపకముంచుకోవాలని ప్రార్థిస్తున్నాను.

చలికాలంలోనే చేతులు ఎందుకు పగులుతాయి? మన చర్మం పైపొర ఇటుకగోడ వంటిది. కణాలు ఇటుకలైతే, వాటి నడుమ ఉండే సహజమైన కొవ్వు సున్నపు అడుసు. ఆ కొవ్వే లోపలి తేమను నిలుపుతుంది. మన ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున చలి, పగలు పొడిగాలి. ఆ గాలి చర్మంలోని తేమను పీల్చివేస్తుంది. అప్పుడే మనం సలసల కాగే నీళ్లు, ఘాటైన సబ్బు వాడతాం. అవి ఆ కొవ్వును కరిగిస్తాయి. బోరునీటిలో లవణాలు ఎక్కువైతే సబ్బు సరిగా నురగ పట్టదు. దాని మడ్డి చేతులకే అంటి మిగిలిపోతుంది. కనుక చేతులను పాడుచేసేది చలి ఒక్కటే అనుకోకండి. పదేపదే తడవడం, పదేపదే ఆరడం అంతకంటె ఎక్కువ కీడు చేస్తాయి.

ఈ నెలల్లో మన ఇళ్లలో తడిపనులు కూడా పెరుగుతాయి. ధనుర్మాసంలో చీకటితోనే లేచి వాకిట కళ్లాపి చల్లి ముగ్గు వేస్తాం. సున్నం కలిసిన ముగ్గుపిండి పగిలిన చర్మాన్ని మండిస్తుంది. అనపకాయల కాలం కనుక, గింజలు నానబెట్టి గంటల తరబడి తొక్క పితుకుతాం. పితికిన పప్పు రుచి కోలారు వారికి చెప్పనక్కరలేదు. మరునాడు బొటనవేలి గోరు కింద పుట్టే సలుపు కూడా చెప్పనక్కరలేదు. ఈ పనులు మానమని నేను అనను. కళ్లాపికి ముందు చేతులకు కాస్త నూనె రాసుకోండి. ముగ్గు ముగియగానే చేతులు కడిగి తుడుచుకోండి. పప్పు పితికే పనిని ఇంటిల్లిపాదీ పంచుకోండి.

ఇక నిత్యం చేయవలసినవి చెబుతాను. చేతులు గోరువెచ్చని నీటితో కడగండి. వేళ్ల సందులతో సహా మెత్తని గుడ్డతో అద్ది, తేమ పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ గాని నూనె గాని పలుచగా రాయండి. ఖరీదైన లేపనాలు అవసరం లేదు. కొబ్బరినూనె ఇక్కడి చలికి ఉదయాన సీసాలో గడ్డకడుతుంది. సీసాను గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచితే చాలు, లేదా గడ్డకట్టని నువ్వులనూనె వాడవచ్చు. రాత్రి పడుకునేముందు చేతులకు, గోళ్ల మొదళ్లకు రాసుకొని పాత నూలు మేజోళ్లను చేతులకు తొడుక్కుంటే వారం పది రోజుల్లో తేడా కనబడుతుంది.

అంట్లు తోమేవారు, బట్టలు ఉతికేవారు, పట్టుగూళ్లను వేడినీటిలో వేసి దారం తీసేవారు, పౌరకార్మికులు రబ్బరు చేతితొడుగులు వాడాలి. వాటి లోపల పలుచని నూలు తొడుగు ఉంటే చెమట పీల్చుకుంటుంది. పని ముగిశాక రెండింటినీ తిరగేసి ఆరబెట్టాలి. లోపల తడిసిన తొడుగు చేతికి రక్షణ ఇవ్వకపోగా హాని చేస్తుంది. కట్టడాల్లో పనిచేసేవారికి ఒక హెచ్చరిక. తడి సిమెంటుకు చర్మాన్ని కాల్చే గుణముంది. దానిలోని క్రోమియం కొందరికి విడువని దురదను, పొక్కులను కలిగిస్తుంది. చేతికి అంటిన సిమెంటును సాయంకాలం వరకు ఉంచకండి. అప్పటికప్పుడే ఎక్కువ నీటితో కడిగివేయండి.

గోళ్ల విషయం. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దెబ్బతిన్న గోరు మొత్తం కొత్తగా రావడానికి ఆరు నెలల దాకా పడుతుంది. అందుచేత ఓర్పు కావాలి. గోళ్లను పొట్టిగా కత్తిరించుకోండి. గోటి పక్కన లేచిన చర్మపు పోగును పళ్లతో లాగకండి, కత్తెరతో తీయండి. గోటి మొదట ఉండే సన్నని పొరను గీకివేయకండి. నీరు, క్రిములు లోనికి పోకుండా కాచే తలుపు అదే. ఆ తలుపు తెరుచుకుంటే గోరుచుట్టు వస్తుంది. గోరుచుట్టుపై రోకటిపోటు అనే సామెత దాని బాధ ఎరిగినవారు చెప్పినదే. నిమ్మకాయ తొడిగి రోజులు గడపడం, సూదితో పొడవడం మంచివి కావు. వాపు, చీము కనబడితే వైద్యుని చూడండి.

గనుల్లో రాతిని తొలిచే యంత్రం పట్టిన పెద్దలు ఈ సభలో ఉండవచ్చు. ఏళ్ల తరబడి ఆ కంపనానికి గురైన వేళ్లలో రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయి. చలి తగలగానే వేళ్లు సున్నంలా తెల్లబడి తిమ్మిరెక్కుతాయి. ఇది వయసు వల్ల వచ్చినదని సరిపెట్టుకోకండి. వారు చలికి వెలుపలికి పోయేముందే చేతితొడుగులు వేసుకోవాలి. బీడీ మానాలి, ఎందుకంటే పొగాకు రక్తనాళాలను మరింత బిగిస్తుంది. తిమ్మిరెక్కిన చేతిని నిప్పుల మీద కాచుకోకూడదు, కాలినా తెలియదు.

కొన్ని గుర్తులు కనబడితే ఆలస్యం చేయవద్దు. గోరు గరిటెలా గుంటపడితే రక్తహీనత ఉండవచ్చు. చర్మంపై స్పర్శ తెలియని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. దాని మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, పూర్తిగా నయమవుతుంది. మధుమేహం ఉన్నవారు చిన్న పగులునైనా నిర్లక్ష్యం చేయరాదు. కోలారులోని శ్రీ నరసింహరాజ జిల్లా ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవచ్చు.

చివరిగా ఆ తల్లి సంగతి. ఆధార్‌లో పది వేళ్ల ముద్రలూ ఉంటాయి. ఒక వేలు పడకపోతే మరొకటి పెట్టి చూడమని అడగండి. కనుపాప, ముఖం, మొబైల్‌కు వచ్చే ఓటీపీ కూడా ఆధార్ గుర్తింపు మార్గాలే. అవి అక్కడ ఉన్నాయేమో విచారించండి. ముద్రలు బాగా అరిగిపోయి ఉంటే ఆధార్ కేంద్రంలో మళ్లీ నమోదు చేయించుకోవచ్చు. అంగడికి పోయేముందు వేలికి జిడ్డు లేకుండా తుడిచి, తడిగుడ్డతో అద్దితే ఎండిన వేలి గీతలు యంత్రానికి కొంత స్పష్టంగా అందుతాయి. ఆమె రెండు నెలలు రాత్రిపూట నూనె రాసుకున్నారు, తొడుగులు లేనిదే అంట్లు ముట్టలేదు. పగుళ్లు పూడాయి. ముద్ర పడింది.

ముఖానికి అద్దం చూసుకుంటాం. ఈ రాత్రి పడుకునేముందు దీపం దగ్గర మీ చేతులను చూసుకోండి. ఇంట్లో పెద్దల చేతులను కూడా మీ చేతుల్లోకి తీసుకుని చూడండి. సంసారాన్ని మోసే చేతులకు ఇంత నూనె, ఇంత శ్రద్ధ మనం ఇవ్వగలం.