మా ముత్తాతగారి పతకము
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరినారు. నేను బడిలో చదివినది స్వల్పము. లెక్కలు వ్రాసికొని జీవించువాడను. నాకు తిక్కన సోమయాజి పరిచయమైనది ఈ గ్రంథాలయపు బల్లమీదనే. అయినను నేడు ఈ రుమాలులో కట్టి తెచ్చిన రెండు బిళ్లలను గూర్చి చెప్పుటకు అనుమతి వేడుచున్నాను. భారతము నడుమ తానే వచ్చును.

ఇవి మా ముత్తాతగారివి. మా నాయనమ్మ వీనిని బియ్యపు కుండలో దాచి, ఏటేట దసరాకు చింతపండుతో తోమి, బొట్టు పెట్టి, పూజలో ఉంచెడిది. ఆయన మొదటి జర్మను యుద్ధములో సుబేదారై, టర్కీ సేనలతో పోరాడి వీనిని గెలిచెనని మా యింటి వాడుక. చిన్న బిళ్లమీద గుఱ్ఱమెక్కిన పురుషుడొకడు కలడు. “ఎవరు నాయనమ్మా?” అని నేనడుగగా, “మా మావగారేరా” అనెడిది. ఆ పురుషుని ఒంటిమీద వస్త్రము లేదు. “బట్టలు లేవేమి?” అంటిని. “అక్కడ ఎండలు అలగుంటాయంట నాయినా” అని బదులు చెప్పినది. నేను చాలకాలము నమ్మితిని. మా పెండ్లి శుభలేఖలలో సైతము “సుబేదారుగారి మునిమనుమడు” అని అచ్చు వేయించుచుండెడివారము.

నాయనమ్మ గతించిన పిదప బిళ్లలు నా చేతికి వచ్చినవి. పెద్దదాని సంగతి త్వరగానే తేలినది. అది 1911 ఢిల్లీ దర్బారు జ్ఞాపకార్థము పోసిన బిళ్ల. దానికిని యుద్ధమునకును సంబంధము లేదు. చిన్నదానిని కంసాలికి చూపితిని. అతడు గీటురాయి తీయనైన తీయక, “వెండి కాదు బాబూ, కంచు” అనినాడు. అతని భూతద్దమే యెరవు తీసికొని అంచును చూడగా, సన్నని ఇంగ్లీషు అక్షరములు కనబడినవి. మొదట ఒక సంఖ్య, పిదప హోదా, పిదప పేరు, తుదిని దళము. పేరు మా ముత్తాతగారిదే. దొరల చెవికి వినబడినట్లు వ్రాయబడినది. దళము లేబర్ కోర్. హోదా యున్నచోట “కూలీ” అని యున్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిట్టాలో లేని మొత్తమును నోటిమాటమీద జమ కట్టకూడదని ఇతరులకు చెప్పువాడను. మా వంశపు చిట్టాలో నేనే సుబేదారును జమ కట్టుకొని యుంటిని.

పిదప పుస్తకములు వెదకి తెలిసికొన్నది మనవి చేసెదను. ఈ పతకము 1919లో ఏర్పడినది. ఒకవైపున అయిదవ జార్జి ముఖము, రెండవవైపున 1914, 1918 సంవత్సరములు. గుఱ్ఱముమీది వాడు ఆంగ్లేయులు కొలుచు సెయింట్ జార్జి. వెండిలో సుమారు 65 లక్షలును, కంచులో సుమారు 1,10,000ను పోసిరి. కంచువి ప్రధానముగా చీనా, మాల్టా, హిందూదేశముల కూలీదళముల వారికి. ఆ యుద్ధమునకు చేర్చుకొనబడిన సుమారు 14 లక్షల భారతీయులలో 5,60,000కు పైగా ఆయుధము పట్టనివారే. 1916 ఏప్రిల్ 29న కూత్ అను పట్టణమున ఆంగ్ల సైన్యము ఆకలిచే లొంగిపోయెను. నదిపై పడవలు చాలవు, బాటలు లేవు, బస్రాలో రేవు సరిలేదు. అట్టి రేవులును రైలుదారులును వేసి మూటలు మోయుటకే ఈ దళములు పోయినవి. 1917 మార్చిలో బాగ్దాదు పట్టుబడినది. మా నాయనమ్మ నోట “బస్రా” అను మాట వినియుంటిని. సాలూరునకు రైలు వచ్చినది 1913లో. ఆ క్రొత్త రైలెక్కియే ఆయన పోయి యుండును.

బొబ్బిలి మనకు కూతవేటు. 1757 జనవరి 24 నాటి యుద్ధమును జంగములు నేటికిని పాడుదురు. మూట మోసినవానికి పాట లేదు. అయితే వ్యాసభారతము ఉద్యోగపర్వములో ధర్మరాజు శిబిరమును వర్ణించుచు, జీతము గొన్న శిల్పులు వందలకొలది యుండిరని మహర్షి వ్రాసినాడు. అక్షౌహిణుల నడుమ ఆ ముక్క ఆయన మఱువలేదు. నేను పలుమార్లు ఆ పుట త్రిప్పియు అక్కడ నిలువలేదు.

బస్రాలోని స్మారకమున సమాధి దొరకని 40,500 మందికి పైగా స్మరింపబడినారు. భారతీయులలో అధికారుల పేర్లు చెక్కి, సామాన్య సిపాయీలను దళము క్రింద ఇందరని సంఖ్యగా మాత్రము వేసిరి. అది అన్యాయమని ఆ సమాధుల సంస్థయే 2021లో ఒప్పుకొన్నది. తిరిగి వచ్చిన మా ముత్తాతగారికి అంచుమీద పేరైన మిగిలినది. హనుమంతుడు తెచ్చిన ఉంగరమును సీతమ్మ నమ్మినది దానిపై పేరుండుటచేతనే గదా.

మా పెదనాన్నగారు ఈ ప్రసంగము వలదనిరి. “కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది, సుబేదారు అన్నమాట ఎవరికి చేటురా?” అనిరి. నేను మారు పలుకక, పెట్టెలోని పాత తనఖా పత్రము వారి ముందు పఱచితిని. యుద్ధమునకు ముందు ఎకరమున్నర పల్లము కుదువ పెట్టబడినది. 1919లో పత్రము వెనుక చెల్లు వ్రాయబడినది. క్రింద ముత్తాతగారి వేలిముద్ర. పెదనాన్నగారు దానిని చాలసేపు చూచి, “ఆ మడిలోనే మీ నాన్నా నేనూ తేగలు కాల్చుకు తిన్నాం” అనిరి. మఱి వలదనలేదు. వారు ముందు వరుసలోనే కూర్చుండియున్నారు.

ఈ పతకమును నేడు మన గ్రంథాలయపు అద్దాల బీరువాకు ఇచ్చుచున్నాను. క్రింద అంటించు చీటీలో అంచుమీద నున్నదే వ్రాసితిని, “కూలీ” అనునది విడువలేదు. చింతపండు రాపిడికి పేరులో రెండక్షరములు అరిగినవి. వానిని చుక్కలతో చూపితిని. మీ యిండ్లలో ఇట్టి బిళ్లలుండిన తోమక తీసికొనిరండు. భూతద్దము నా వద్ద నున్నది. ఆదివారము సాయంకాలములు నేనిక్కడనే యుందును.