డాక్టర్ మారినా కథ ఆగలేదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో ‘స్టార్ ట్రెక్’ చూసిన తరం మనది. 79 ఎపిసోడ్లతో అది 1969లోనే ఆగిపోయిందని మనకప్పుడు తెలియదు. కిర్క్, స్పాక్‌ల తర్వాత నా కంటికి ఇంకెవరూ ఆనరు.

ఇప్పుడు మాదాపూర్‌లో, సైబర్ టవర్స్ పక్కన, మా ఆఫీసు కుర్రాళ్లతో భోజనాల దగ్గర రోజూ ఇదే వాదన. వాళ్లది ‘డాక్టర్ హూ’. బీబీసీలో 1963లో మొదలైంది. 1966లో హీరో విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతింది. అయినా సీరియల్ ఆపలేదు. డాక్టర్ రూపం మారుతుందని కథలోనే చెప్పి ప్యాట్రిక్ ట్రౌటన్‌ను తెచ్చారు. 1989లో ఆగినా 2005లో మళ్లీ లేచింది. కొత్త డాక్టర్ వచ్చినప్పుడల్లా పాతవాడే నయమని అభిమానులు గొణుగుతారు. ఆ కొత్తవాడితోనే ఇంకో తరం పిల్లలు చూడటం మొదలుపెడతారు.

నేనూ గొణిగే రకమే. పదేళ్లుగా మన సంఘం కమిటీలో ఉన్నాను. జూనియర్లు ఏం చెప్పినా ‘మా రోజుల్లో ఇలా కాదు’ అన్నాను. వాళ్లు మీటింగులకు రావడం మానేశారు. తప్పు నాదే.

అందుకే ఈ స్వర్ణోత్సవంతో నా కుర్చీ వాళ్లకు అప్పగిస్తున్నాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రండి. ఈసారి గొణగను, ముందు వరసలో కూర్చుని చూస్తాను.

సెలవు.