గోడ గడియారం చూసిన వదిన
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

మా బ్యాచ్ వాళ్లకు పలకరింపులు తర్వాత, టిఫిన్ల దగ్గర.

నేను ఇంజనీరును, డాక్టరును కాను. అయినా ఒక జబ్బు గురించి మాట్లాడతాను. అది మన ఊరికే వచ్చింది కాబట్టి.

2020 డిసెంబరు 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం మొదలైంది. వాంతులు, తలనొప్పి, ఫిట్స్. కొద్ది రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆస్పత్రులకు చేరారు. ఒకరు చనిపోయారు. కరోనా రోజులు కదా, అందరికీ ముందు ఆ భయమే. పరీక్షల్లో అది కాదని తేలింది. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లకు కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాలే కారణం కావచ్చన్నారు. అవి ఏ దారిన ఒంట్లోకి వెళ్లాయో మాత్రం స్పష్టంగా తేలలేదు. నీళ్లా, కూరగాయలా? నీటి పనుల్లోనే ముప్ఫై ఏళ్లు గడిపిన నాకు ఆ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ ఆదివారం మా అన్నయ్య కూడా పడ్డాడు. పొద్దున్న "కళ్లు తిరుగుతున్నాయే" అంటే వదిన పైత్యమనుకుని నిమ్మకాయ నీళ్లిచ్చిందట. మనకు అదే తంటా. కళ్ల ముందు చీకట్లు కమ్మినా, నడుస్తూ తూలినా, గది గిర్రున తిరిగినా అన్నింటికీ ఒకటే మాట. గది తిరగడం చాలాసార్లు లోచెవి గొడవే. కానీ దాంతోపాటు మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, ఒక పక్క తిమ్మిరెక్కినా, నిలబడలేకపోయినా మెదడును అనుమానించాలి. అప్పుడు నిమ్మకాయ కోసే టైము కూడా లేదు.

అన్నయ్యకు ఫిట్స్ రాగానే ఎవరో తాళాలగుత్తి చేతిలో పెట్టబోయారు. దానివల్ల ఉపయోగం లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు. వదిన ముందు గోడ గడియారం చూసింది. తనూ ఈ బడిలోనే చదివింది లెండి, ప్రయోగం మొదలుపెట్టే ముందు సైన్సు మాస్టారు టైము రాయించేవారు. ఆస్పత్రిలో మొదట అడిగిందీ అదే, ఎన్ని నిమిషాలని. మూడు, అని చెప్పగలిగింది.

సాయంత్రానికి అన్నయ్య లేచి కాఫీ అడిగాడు. అదిగో, మూడో వరుసలో కూర్చుని నవ్వుతున్నాడు. ఆ మూడు నిమిషాల్లో ఏం జరిగిందని వదినను ఇప్పటికీ అడుగుతుంటాడు.