వెతికితే దొరకకూడనివి కొన్ని
(ప్రసంగ పాఠం)



బల్మూర్‌లో మేము ఒక చిన్న వెబ్‌సైట్ మొదలుపెట్టిన సంగతి మీకు తెలుసు. పాటలు, ఫొటోలు, పెద్దల ముచ్చట్లు మనకోసం దాచుకుందామని పెట్టాం. చిరునామా ఎవరికీ చెప్పలేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాం. అందులో ఒక అవ్వ చెప్పిన వేరు ముచ్చట ఉంది. దాని పేరు, ఏ వాగు పక్కన దొరుకుతుంది, ఎప్పుడు తవ్వాలి, అన్నీ రాశాం. ఒకనాడు ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి, ఫోన్‌లో మేము పెట్టిన ఫొటోనే చూపించి, ఇది ఎక్కడుంటుందని ఆ అవ్వనే అడిగారు. అవ్వ చెప్పలేదు. వాళ్లు పోయినాక మమ్మల్ని పిలిచి, "మీకు చెప్పింది వాళ్లకెట్ల తెలిసింది బిడ్డా?" అన్నది. మాకు నోట మాట రాలేదు. ఆ వేరు పేరు ఇప్పుడూ చెప్పం. ఈ సంచిక కూడా ఇంటర్నెట్‌లోనే వస్తుంది మరి.

ఎట్లా తెలిసిందంటే, మాలో ఒకరు ఎక్కడో లింకు పెట్టారు. గూగుల్ లాంటి వాటి యంత్రాలు ఒక లింకు నుంచి ఇంకో లింకుకు జాడ పట్టుకొని పోతాయి. జాడ పట్టడం మనకు తెలియని విద్యేం కాదు, మనదే ఎవరో పడతారని మాత్రం అనుకోలేదు.

మొదట రోబోట్స్ ఫైల్ పెట్టాం. 1994 నుంచి ఉన్న పద్ధతి అది. వాకిలికి అడ్డంగా పెట్టిన కట్టె లాంటిది. మర్యాద తెలిసినవాడు ఆగుతాడు, లేనివాడు దాటిపోతాడు. పైగా ఆ ఫైల్‌ను ఎవరైనా తెరిచి చదవొచ్చు. దాచిన అర పేరు అందులో రాస్తే మనమే దారి చూపినట్టు. తర్వాత పేజీలోనే 'నోఇండెక్స్' అనే గుర్తు పెట్టాం. గూగుల్ దాన్ని పాటిస్తుంది. కానీ ఆ గుర్తు చదవాలంటే అది పేజీ లోపలికి రావాలి. మేము కట్టె తీయకుండానే గుర్తు పెట్టాం. అది లోపలికి రానూ లేదు, గుర్తు చదవనూ లేదు. చిరునామా అట్లాగే కనపడుతూ ఉంది. పాస్‌వర్డ్ పెడితేనే అసలు తాళం వేసినట్టని అప్పుడు అర్థమైంది. ఫొటోల్లో ఫోన్ తనంతట తానే రాసుకునే చోటు గుర్తును కూడా తీసేశాం.

అన్నీ దాచుకుంటే మన సంస్కృతి లోకానికెట్ల తెలుస్తుందని తమ్ముళ్లు అడిగారు. న్యాయమైన మాట. పక్కనున్న లింగాల మండలం మొగిలయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర పదిమందికి వినపడబట్టే కదా 2022లో పద్మశ్రీ వచ్చింది! పాట దాచొద్దు, ఆట దాచొద్దు. మందు సంగతి వేరు. పసుపు గాయం మాన్పుతుందన్న మన ఇంటి ముచ్చట మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. సీఎస్ఐఆర్ పాత రాతలు చూపించి కొట్లాడితే 1997లో రద్దయింది. అంటే రాసిపెట్టుకోకపోతే ఒక నష్టం, రాసి అందరి ముందు పరిస్తే ఇంకో నష్టం. అందుకే 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయాన్ని అందరికీ తెరవలేదు, పేటెంట్ ఆఫీసులకు చూపించారు. అయితే అందులో ఉన్నవి ఎక్కువగా ఆయుర్వేదం, యునానీ, సిద్ధ గ్రంథాల మాటలే. మన అవ్వ నోటి మాటకు కాపలా మనమే. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) ఆ విజ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందని చెబుతుంది.

ఆస్ట్రేలియాలో టెనెంట్ క్రీక్ దగ్గరి వారుముంగు ఆదివాసులు మనకంటే ముందే ఈ పని చేశారు. వాళ్ల సాఫ్ట్‌వేర్ పేరు ముకుర్తు, అంటే వాళ్ల భాషలో సంచి. ఏది ఎవరు చూడాలో ఆ సమాజమే నిర్ణయిస్తుంది. మన చెంచులు కొండ చరియ మీద తేనె తీయడానికి దిగేటప్పుడు తాడు బావమరిది చేతికే ఇస్తారు, దారిన పోయేవాడికి ఇవ్వరు.

ఇప్పుడు మన సైట్‌లో రెండు అరలున్నాయి. పాటల అర అందరికీ. రెండో అర తాళం ముగ్గురు పెద్దల దగ్గర ఉంది, అందులో ఆ అవ్వ ఒకరు. పాస్‌వర్డ్ ఏం పెట్టారని అడిగితే మన దేవర పేరు పెట్టామని గొప్పగా చెప్పాం. "అది ఊరందరికీ తెలిసిందే కదరా, మార్చండి" అన్నది. మార్చాం.